అరిగిన గోడ ఎక్కడికి పోతుంది?

1997లో ఇంగ్లండ్‌లోని కల్హమ్‌లో ఉన్న జెట్ అనే ఫ్యూజన్ యంత్రం (తేలికైన హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించేది) 16 మెగావాట్ల ఫ్యూజన్ శక్తిని పుట్టించింది. అయస్కాంతాలతో ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వేడి వాయువును, పట్టి ఉంచే యంత్రాల్లో ఆ రికార్డు ఇప్పటికీ చెదరలేదు. బయటి ప్రపంచానికి గుర్తున్నది అదే. యంత్రాన్ని నడిపినవాళ్లకు మాత్రం ఇంకో లెక్క టెన్షన్ పెట్టింది. ఆ కేంద్రం దగ్గర ఇంధనంగా ఉన్న ట్రిటియం నిల్వే 20 గ్రాములు. దాన్నే శుద్ధి చేసి మళ్లీ మళ్లీ వాడుతూ మొత్తం 35 గ్రాముల దాకా యంత్రంలోకి పంపారు. ప్రయోగాలు ముగిసేసరికి అందులో దాదాపు మూడో వంతు తిరిగి రాలేదు. పట్టుబట్టి శుభ్రం చేసిన తర్వాత కూడా సుమారు 6 గ్రాములు లోపలే ఉండిపోయింది.

6 గ్రాములంటే ఎంత అనిపించవచ్చు. ట్రిటియం రేడియోధార్మికత ఉన్న హైడ్రోజన్. దాని అర్ధాయుష్షు 12.3 ఏళ్లు, కాబట్టి ప్రకృతిలో పోగుపడి దొరకదు. ఆయుధాల నిల్వలు పక్కన పెడితే ప్రపంచం మొత్తం మీద ఉన్నది కొన్ని పదుల కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం కెనడా తరహా భారజల అణు రియాక్టర్లలో ఉప ఉత్పత్తిగా వచ్చిందే. అలాంటి ఇంధనం వాడిన ప్రతిసారీ గోడల సందుల్లో ఇరుక్కుపోతుంటే ఆ యంత్రం విద్యుత్ కేంద్రంగా పనికిరాదు. భద్రతా అనుమతి కూడా రాదు.

ఆ ట్రిటియం ఎక్కడ దాక్కుంది? అప్పట్లో జెట్ లోపలి గోడకు కార్బన్ పలకలు ఉండేవి. ప్లాస్మా తగిలి ఆ పలకల నుంచి కార్బన్ లేచింది. లేచిన కార్బన్ హైడ్రోజన్ జాతి వాయువులతో కలిసి, యంత్రం అడుగున ప్లాస్మాకు నేరుగా కనబడని చల్లని మూలకు చేరింది. అక్కడ పొర మీద పొరగా పేరుకుని, పెచ్చులుగా ఊడి ఇంకా కిందికి పడింది. ట్రిటియంలో చాలా భాగం ఆ పెచ్చుల్లోనే దొరికింది. ప్లాస్మా ఎన్నడూ తాకని చోట గోడ ముక్కలు, వాటిలో ఇంధనం!

ఫ్యూజన్ గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే ప్రశ్న, 15 కోట్ల డిగ్రీల వేడికి గోడ కరిగిపోదా అని. సహజమైన ప్రశ్నే కానీ, ఇంజనీర్లను నిద్ర పోనివ్వనిది అది కాదు. గోడ ఎంత అరుగుతుందన్నది కూడా సగం ప్రశ్నే. అరిగిన పదార్థం ఎక్కడికి పోయిందన్నది మిగతా సగం. గత 50 ఏళ్లలో ఏ లోహాన్ని వాడాలి, దేన్ని వదిలేయాలి అన్న నిర్ణయాలను చూస్తే, పెద్ద మలుపుల్లో చాలావరకు ఈ రెండో సగం నుంచే వచ్చాయి.

వేడి ఎంత, ఎంత చోట

ముందు ఆ 15 కోట్ల డిగ్రీల సంగతి తేల్చుకోవాలి. టొకామాక్ అనే గారె ఆకారపు యంత్రంలో ప్లాస్మా మనం పీల్చే గాలికన్నా లక్షల రెట్లు పలచగా ఉంటుంది. అయస్కాంత క్షేత్రం దాన్ని గోడకు దూరంగా పట్టి ఉంచుతుంది. పట్టు తప్పి గోడను తాకితే చల్లబడేది ప్లాస్మాయే. అలా ఒక్కసారిగా కుప్పకూలే సందర్భాలు గోడకూ ప్రమాదమే, ఆ మాట తర్వాత. రోజువారీ నడకలో ఉన్న సమస్య మాత్రం వేరు. ఏ అయస్కాంత క్షేత్రమూ పూర్తిగా బిగించిన సంచి కాదు. కణాలు మెల్లగా అంచుకు జారతాయి. అంచు దాటాక క్షేత్ర రేఖల వెంట పరుగెత్తి ఒక నిర్ణీత చోట దిగుతాయి. ఆ చోటునే డైవర్టర్ అంటారు. బూడిదగా మిగిలిన హీలియం, గోడ నుంచి వచ్చిన మలినాలు, వేడి అన్నీ అక్కడికే చేరాలి.

దక్షిణ ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఈటర్ అనే పెద్ద టొకామాక్ లెక్క తీసుకుంటే సంగతి తెలుస్తుంది. అది పుట్టించాల్సిన ఫ్యూజన్ శక్తి 500 మెగావాట్లు. అందులో 400 మెగావాట్లు న్యూట్రాన్లు పట్టుకుపోతాయి. వాటికి విద్యుదావేశం లేదు కాబట్టి గోడ పైపొరను దాటి లోతుకు వెళ్లి వేడిని వదులుతాయి. మిగిలిన 100 మెగావాట్లు హీలియం కేంద్రకాల రూపంలో ప్లాస్మాలోనే ఉంటాయి. బయటి నుంచి వేడి చేయడానికి పంపే 50 మెగావాట్లు దానికి కలుస్తాయి. ఈ 150లో కొంత వెలుగుగా అన్ని వైపులకూ పోగా, సుమారు 100 మెగావాట్లు అంచు దాటి డైవర్టర్ దారి పడతాయి.

చిక్కు ఆ దారి వెడల్పులో ఉంది. ఇప్పుడున్న యంత్రాల కొలతలను బట్టి వేసిన లెక్క ప్రకారం, ఈటర్‌లో ప్లాస్మా నడుము దగ్గర ఆ పొర మందం సుమారు 1 మిల్లీమీటరు. కిందికి వచ్చేసరికి క్షేత్ర రేఖలు విచ్చుకుంటాయి. పలకను కూడా రేఖలకు దాదాపు సమాంతరంగా, రెండు మూడు డిగ్రీల వాలుతో పెడతారు. అందువల్ల వేడి కొంత పరుచుకుంటుంది. ఎంత పరుచుకున్నా చదరపు మీటరుకు 10 మెగావాట్లు ఎప్పుడూ, 20 మెగావాట్లు అప్పుడప్పుడూ తట్టుకునేలా డైవర్టర్‌ను తయారు చేయాల్సి వచ్చింది. మండుటెండలో నేల మీద పడే శక్తి చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాట్. అంటే దానికి 10 వేల రెట్లు. సూర్యుడి ఉపరితలం నుంచి వెలువడే శక్తి చదరపు మీటరుకు 63 మెగావాట్లు. దానిలో ఆరో వంతు వేడిని ఒక లోహపు పలక నిమిషాల తరబడి మోయాలి. వెనక కొన్ని మిల్లీమీటర్ల దూరంలో రాగి మిశ్రమపు గొట్టంలో నీళ్లు పారుతుంటాయి.

ఆ లోహం టంగ్‌స్టన్. దాని చిన్న దిమ్మలను రాగి గొట్టానికి పూసల్లా గుచ్చి, 54 పెద్ద పెట్టెల్లాంటి భాగాలుగా బిగిస్తారు. పైన ఉన్న టంగ్‌స్టన్ మందం మిల్లీమీటర్లలోనే. ఇంకా మందంగా పెడితే వేడి వెనక్కి వెళ్లే దారి పొడుగై పైభాగం కరుగుతుంది. పలచగా పెడితే త్వరగా అరిగి గొట్టం బయటపడుతుంది. అందుకే అరుగుదల లెక్క తప్పడానికి వీల్లేదు.

ఒక పరమాణువు లేవాలంటే

ప్లాస్మా గోడను అరగదీసే తీరులో వేడికన్నా కొట్టుడు ముఖ్యం. ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు తేలిక, వేగం ఎక్కువ. అవి ముందుగా గోడను చేరడంతో గోడకు రుణావేశం వస్తుంది. ఆ రుణావేశం ధన అయాన్లను తన వైపు లాగుతుంది. గోడను ఆనుకుని వెంట్రుక మందం కూడా లేని ఒక పొరలో అయాన్లు వేగం పుంజుకుని పలకను గుద్దుకుంటాయి. ఆ దెబ్బకు పలక నుంచి పరమాణువులు ఎగిరిపోవడాన్ని స్పటరింగ్ అంటారు. చిప్‌ల తయారీలో పలుచని లోహపు పూతలు వేయడానికి ఇదే పద్ధతిని పనిగట్టుకుని వాడతారు. ఇక్కడ మాత్రం ఎవరూ కోరుకోనిది.

ఎందుకు టంగ్‌స్టన్ అన్నదానికి జవాబు చిన్న గణితంలో దొరుకుతుంది. టంగ్‌స్టన్ పరమాణువును ఉపరితలం నుంచి ఊడబెరకాలంటే సుమారు 8.7 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న ప్రమాణం ఇది). ఇంధనంలో ట్రిటియంకు తోడుగా ఉండే హైడ్రోజన్ రకం డ్యుటీరియం. దాని బరువు 2, టంగ్‌స్టన్ బరువు 184. ఇంత తేడా ఉన్నప్పుడు గోలీకాయతో రోకలిబండను కొట్టినట్టే. నేరుగా ఎదురెదురు గుద్దుకున్నా డ్యుటీరియం తన శక్తిలో సుమారు 4 శాతం మాత్రమే అవతలికి ఇవ్వగలదు. 100 ఎలక్ట్రాన్ వోల్టులతో వచ్చిన డ్యుటీరియం ఇచ్చేది 4 ఎలక్ట్రాన్ వోల్టులు. 8.7 కావాల్సిన చోట 4 ఇస్తే పరమాణువు కదిలి ఊరుకుంటుంది. దాదాపు 220 ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే గానీ డ్యుటీరియం టంగ్‌స్టన్‌ను లేపలేదు. బెరీలియం అనే తేలిక లోహం సంగతి చూస్తే, దాని బరువు 9. డ్యుటీరియం దెబ్బలో 60 శాతం దాకా దానికి అందుతుంది. లేపడానికి 10 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు.

డైవర్టర్ దగ్గర ప్లాస్మాను 5 ఎలక్ట్రాన్ వోల్టులకు చల్లబరిస్తే అక్కడ అయాన్లు 25 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో గోడను తాకుతాయి. 'చల్లబరచడం' అంటే ఇక్కడ 58 వేల డిగ్రీలు అన్నమాట. ఈ రంగంలో అది చల్లదనమే! ఆ స్థితిలో డ్యుటీరియం, ట్రిటియం ఎంత తగిలినా టంగ్‌స్టన్ చెక్కు చెదరదు. కాగితం మీద సమస్య తీరిపోయినట్టే.

కానీ ప్లాస్మాను అలా చల్లబరచడానికి వాడేది నియాన్, నైట్రోజన్, ఆర్గాన్ లాంటి వాయువులను. వీటిని అంచులోకి కొద్దికొద్దిగా వదిలితే అవి వేడిని వెలుగుగా మార్చి చుట్టూ వెదజల్లుతాయి. డైవర్టర్ మీద భారం తగ్గుతుంది. అయితే నియాన్ బరువు 20. దాని నుంచి రెండు మూడు ఎలక్ట్రాన్లు ఊడి ఉంటాయి కాబట్టి గోడ దాన్ని రెండు మూడు రెట్లు గట్టిగా లాగుతుంది. ప్లాస్మా 10 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే, మూడు ఎలక్ట్రాన్లు పోయిన నియాన్ సుమారు 90 ఎలక్ట్రాన్ వోల్టులు పుంజుకుని వస్తుంది. అందులో 35 శాతం దాకా టంగ్‌స్టన్‌కు ఇవ్వగలదు. 8.7 అడిగిన చోట 30కి పైనే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. వేడి నుంచి కాపాడటానికి పంపినదే గోడను చెక్కుతుంది. ఎంత వాయువు పంపితే వేడి తగ్గి కోత పెరగకుండా ఉంటుందన్నది ప్రతి యంత్రంలోనూ సన్నటి గీత మీద నడక.

టంగ్‌స్టన్ పోయి, కార్బన్ వచ్చి

ఇంత మంచి లోహం కదా, మొదటి నుంచీ ఇదే వాడి ఉండొచ్చు కదా అంటే, వాడారు. అమెరికాలో ప్రిన్స్‌టన్ లార్జ్ టోరస్ అనే యంత్రంలో 1970ల్లో ప్లాస్మా అంచును అడ్డుకునే పలకలు టంగ్‌స్టన్‌వే. లేచిన పరమాణువులు కొద్దివే అయినా అవి ప్లాస్మా నడిబొడ్డుకు చేరాయి. టంగ్‌స్టన్ పరమాణువులో 74 ఎలక్ట్రాన్లు ఉంటాయి. కోట్ల డిగ్రీల వేడిలో కూడా అవన్నీ ఊడిపోవు. మిగిలిన ఎలక్ట్రాన్లు ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి దూకుతూ ఎక్స్ కిరణాల రూపంలో శక్తిని ఎడాపెడా బయటికి పంపేస్తాయి. అన్నిటికన్నా వేడిగా ఉండాల్సిన నడిమధ్య భాగం చుట్టుపక్కలకన్నా చల్లగా తయారైంది.

పలకలను కార్బన్‌కు మార్చాక 1978లో అదే యంత్రం సుమారు 6 కోట్ల డిగ్రీలను అందుకుంది. టంగ్‌స్టన్‌కు ఆ దెబ్బతో చెడ్డపేరు వచ్చింది. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు పెద్ద యంత్రాలన్నిటిలో కార్బన్‌దే రాజ్యం.

కార్బన్ గుణాలు తక్కువేమీ కావు. అది కరగదు, విపరీతమైన వేడిలో నేరుగా ఆవిరి అవుతుంది. కాబట్టి తప్పు చేసినా పలక ఆకారం చెడిపోదు. ప్లాస్మాలోకి వెళ్లినా ఉన్న 6 ఎలక్ట్రాన్లూ నడిబొడ్డులో ఊడిపోతాయి కాబట్టి శక్తిని పెద్దగా వెదజల్లదు. ఒక శాతం దాకా కలిసినా ప్లాస్మా ఓర్చుకుంటుంది. అదే టంగ్‌స్టన్ అయితే లక్ష కణాలకు కొన్ని మించితే కష్టం. దెబ్బలు తినడం నేర్చుకునే ప్రయోగశాలకు కార్బన్ సరైన గోడ. అప్పటి శాస్త్రవేత్తల ఎంపిక తప్పని ఇప్పుడు అనడం తేలికే గానీ, కార్బన్ లేకపోతే 1997 నాటి 16 మెగావాట్లు ఉండేవి కావు.

దాని లోపం రసాయనంలో ఉంది. కార్బన్, హైడ్రోజన్ కలిస్తే మీథేన్ లాంటి వాయువులు పుడతాయి. దానికి గుద్దుడు అక్కర్లేదు, తాకిడి చాలు. అందుకే ప్లాస్మాను ఎంత చల్లబరిచినా కార్బన్ అరుగుదల ఆగదు. పుట్టిన వాయువులు అటూ ఇటూ తిరిగి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పొరగా అతుక్కుంటాయి. ఆ పొరలో కార్బన్ పరమాణువులతో పాటు హైడ్రోజన్ కూడా బంధించబడుతుంది. ఇంధనంలో సగం ట్రిటియం అయినప్పుడు ఆ పొరలో చిక్కిన హైడ్రోజన్‌లో కూడా దాదాపు సగం ట్రిటియమే ఉంటుంది. గోడ అరిగే కొద్దీ పొర పెరుగుతుంది, దానికి అంతంటూ లేదు.

ఈటర్‌లో ప్లాస్మా ఉండే గదిలో ఏ సమయంలోనైనా ఉండదగిన ట్రిటియం 700 గ్రాములకు మించకూడదని పెట్టుకున్నారు. కార్బన్ గోడతో ఆ హద్దు కొన్ని వందల పల్స్‌లు (యంత్రాన్ని ఒక్కోసారి నడిపే విడతలు) కూడా నడవకముందే వచ్చేస్తుందని అంచనాలు తేల్చాయి. వేల పల్స్‌లు నడవాల్సిన యంత్రానికి అది కుదరని పని. డైవర్టర్‌లో వేడి ఎక్కువగా తగిలే చోట మొదట్లో కార్బన్ పెట్టాలనే ఆలోచన ఉండేది. 2013లో దాన్ని వదిలేసి మొత్తం టంగ్‌స్టన్‌కే ఖాయం చేశారు.

ఆ నిర్ణయానికి ధైర్యం ఇచ్చినవి రెండు యంత్రాలు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్చింగ్‌లో ఉన్న ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ తన గోడను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మారుస్తూ 2007 నాటికి మొత్తం టంగ్‌స్టన్ చేసుకుంది. రెండోది జెట్. 2009లో మూసి, లోపలి పలకలన్నీ రోబో చేతులతో తీసేసి, పై గోడకు బెరీలియం, డైవర్టర్‌కు టంగ్‌స్టన్ అమర్చి 2011లో మళ్లీ తెరిచారు. ఫలితం ఆశించినట్టే వచ్చింది. గోడలో చిక్కుకునే ఇంధనం పది రెట్లకు పైగా తగ్గింది. కార్బన్ కాలంలో అడుగున ఊడ్చితే వందల గ్రాముల దుమ్ము వచ్చేది, ఇప్పుడు ఒకటి రెండు గ్రాములే వచ్చింది. 2021లో 59 మెగాజౌళ్లు, 2023లో 69 మెగాజౌళ్లు జెట్ పుట్టించింది ఈ కొత్త గోడతోనే. 1997లో కార్బన్ గోడతో వచ్చింది 22 మెగాజౌళ్లు. ఇవి ఒక్కో పల్స్‌లో వచ్చిన మొత్తం శక్తి; 16 మెగావాట్లన్నది ఒక క్షణంలో శక్తి పుట్టిన గరిష్ఠ వేగం.

లేచిన చోటే పడితే

టంగ్‌స్టన్ నడిబొడ్డుకు చేరే ప్రమాదం అప్పుడు ఉన్నట్టే ఇప్పుడూ ఉంది. మరి ఏం మారింది? డైవర్టర్ వచ్చింది, అంచును చల్లబరచడం వచ్చింది. టంగ్‌స్టన్ గురించి ఇంకో సంగతి కూడా తెలిసింది. పలక నుంచి లేచిన టంగ్‌స్టన్ పరమాణువు చాలా తక్కువ దూరంలోనే ఎలక్ట్రాన్‌ను కోల్పోయి అయాన్ అవుతుంది. అయాన్ కాగానే అయస్కాంత క్షేత్రం దాన్ని గుండ్రంగా తిప్పుతుంది. టంగ్‌స్టన్ బరువైనది కాబట్టి ఆ చుట్టు పెద్దది. పలకకు అంత దగ్గరగా పెద్ద చుట్టు మొదలైతే, మొదటి చుట్టు పూర్తి కాకముందే పరమాణువు వచ్చి మళ్లీ పలకకే తగులుతుంది. దట్టమైన ప్లాస్మాలో లేచిన పది పరమాణువుల్లో తొమ్మిదికి పైగా ఇలా వెనక్కి రావచ్చు. కాబట్టి మొత్తం కోతకూ నికరంగా పోయేదానికీ చాలా తేడా. గోడ తనను తానే పూడ్చుకుంటోంది.

ఈ లెక్కను చెడగొట్టేవి ప్లాస్మా అంచులో వచ్చే చిన్న పేలుళ్లు. 1982లో పాత ఆస్‌డెక్స్ యంత్రంలో ప్లాస్మాను మెరుగ్గా పట్టి ఉంచే స్థితిని కనుక్కున్నప్పుడే ఇవీ బయటపడ్డాయి. అంచులో పీడనం పేరుకుని, మిల్లీసెకను లోపే కొంత శక్తిని గోడ మీదికి విసిరేస్తుంది. మళ్లీ పేరుకుంటుంది, మళ్లీ విసురుతుంది. ఆ క్షణంలో గోడను తాకే అయాన్ల శక్తి వందల, వేల ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. 220 అనే గడప అప్పుడు అడ్డు కాదు. జెట్‌లో టంగ్‌స్టన్ కోతలో సింహభాగం ఈ పేలుళ్ల సమయంలోనే జరిగిందని కొలతలు చూపించాయి. ఈటర్‌లో వీటిని అణచడానికి గది లోపలే 27 అదనపు అయస్కాంత తీగచుట్టలు పెడుతున్నారు. చిన్న యంత్రాల్లో ఈ ఉపాయం పనిచేసింది.

ఇవి చిన్న పేలుళ్లు. మొత్తం ప్లాస్మా ఒక్కసారిగా కూలిపోతే ఈటర్‌లో 350 మెగాజౌళ్ల ఉష్ణశక్తి మిల్లీసెకన్లలో గోడ మీద పడుతుంది. ఒక్కోసారి ఆ కూలుడులోంచి కాంతివేగానికి దగ్గరగా పరుగెత్తే ఎలక్ట్రాన్ల ధార పుట్టి గోడలో ఒకే చోట తొలిచేస్తుంది. జెట్ చివరి రోజు 2023 డిసెంబరు 18. ఎలాగూ మూసేస్తున్నారు కదా అని ఆ రోజు అలాంటి ధారనే కావాలని లోపలి గోడ మీదికి గురిపెట్టారు. ఎంత దెబ్బ తగులుతుందో పలకలు విప్పి చూసుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు.

కరగడం మీద కూడా జెట్‌లో అంతే మొండి ప్రయోగం ఒకటి 2013లో జరిగింది. డైవర్టర్‌లో పక్క పలకలను అరగదీసి ఒక టంగ్‌స్టన్ పలక అంచు ప్లాస్మాకు బయటపడేలా చేశారు. అంచు మిల్లీమీటరు పొడుచుకువచ్చినా చాలు, వాలుగా జారాల్సిన వేడి నిలువుగా తగులుతుంది. అనుకున్నట్టే పేలుళ్ల సమయంలో అంచు కరిగింది. కరిగిన లోహం మాత్రం కిందికి జారలేదు. వేడెక్కిన టంగ్‌స్టన్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి, పలకలో కరెంటు పారి, అయస్కాంత క్షేత్రంతో కలిసి లోహాన్ని తోసిన వైపుకు పోయి గడ్డకట్టింది. ప్లాస్మాకు పెద్దగా ఏమీ కాలేదు. ఈటర్ దిమ్మల పైభాగాన్ని ఒక పక్కకు అర మిల్లీమీటరు వాలుగా చెక్కుతున్నది ఏ అంచూ ఇలా బయటపడకుండా ఉండటానికే. లక్షల దిమ్మల మీద అర మిల్లీమీటరు వాలును తప్పు లేకుండా చెక్కాలి!

టంగ్‌స్టన్‌కు సొంత వేషాలు కూడా ఉన్నాయి. హీలియం తగిలితే లోపల బుడగలు పుడతాయి. పలక సుమారు 700 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే ఉపరితలం మీద నానోమీటర్ల మందంలో సన్నని నూగు మొలుస్తుంది. మెరిసే లోహం మసి పూసినట్టు నల్లబడుతుంది. దీన్ని 2000ల్లో జపాన్‌లోని నగోయా పరిశోధకులు ప్రయోగశాలలో చూపించారు. తర్వాత అమెరికాలో ఆల్కేటర్ సీ-మాడ్ అనే అసలు టొకామాక్‌లోనూ అది మొలిచింది. ఫ్యూజన్‌లో హీలియం తప్పదు కాబట్టి నూగూ తప్పకపోవచ్చు. పైగా టంగ్‌స్టన్ చల్లగా ఉంటే పెళుసు, 1200 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంచితే లోపలి రేణువులు పెరిగి మెత్తబడి పగుళ్లిస్తుంది. న్యూట్రాన్లు తగిలే కొద్దీ ట్రిటియం ఇరుక్కునే లోపాలు దాని లోపల పెరుగుతాయి.

ఇలాంటివాటిని పరీక్షించడానికి ప్రతిసారీ టొకామాక్ అక్కర్లేదు. పొడుగాటి గొట్టంలో ప్లాస్మా ధార పుట్టించి లోహపు ముక్క మీదికి వదిలే యంత్రాలు నెదర్లాండ్స్‌లో, కాలిఫోర్నియాలో ఉన్నాయి. మన దేశంలో అస్సాంలోని సోనాపూర్‌లో సింపుల్-పీఎస్‌ఐ అనే యంత్రం ఈ పని మీదే ఉంది. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో ఎలక్ట్రాన్ ధారతో డైవర్టర్ నమూనాలకు వేడి పరీక్షలు చేస్తారు. ఈటర్ చుట్టూ ఉండే భారీ క్రయోస్టాట్ (యంత్రాన్ని చుట్టి ఉండే శూన్య పాత్ర) మన దేశం నుంచి వెళ్లిందన్న వార్త చాలామందికి తెలుసు. ఈ చిన్న లోహపు ముక్కల పని గురించి రాసేవాళ్లే తక్కువ.

దుమ్ము, పెచ్చులు, బోరాన్

ఈటర్ కడుతున్న కాదరాష్‌లోనే, దాని పొరుగునే వెస్ట్ అనే ఫ్రెంచి టొకామాక్ ఉంది. దాని డైవర్టర్‌లో ఉన్నవి ఈటర్ తరహా టంగ్‌స్టన్ దిమ్మలే. 2025 ఫిబ్రవరి 12న అది ప్లాస్మాను 1337 సెకన్లు, అంటే 22 నిమిషాలకు పైగా నిలబెట్టి అప్పటిదాకా ఉన్న చైనా రికార్డును దాటింది. వార్తల్లో వచ్చింది ఆ అంకే. గోడ సంగతి తెలుసుకోవాలంటే అంతకుముందు 2023లో ఒకే రకం పల్స్‌ను వందల సార్లు తిప్పి తిప్పి నడిపిన ప్రయోగాన్ని చూడాలి. రోజులు గడిచేకొద్దీ డైవర్టర్ మీద ఒక చోట కోత, దాని పక్కన పేరుకున్న పొర స్పష్టంగా కనబడ్డాయి. ఆ పొరల నుంచి పెచ్చులు ఊడి ప్లాస్మాలోకి ఎగరడం మొదలైంది. కెమెరాల్లో మెరుస్తూ దూసుకుపోయే ఈ రేణువులను అక్కడివాళ్లు సరదాగా యూఎఫ్‌ఓలు అంటారు. ఒక్కో రేణువు టంగ్‌స్టన్‌ను ఒక్కసారిగా లోపలికి మోసుకుపోయి ప్లాస్మాను చల్లార్చేస్తుంది, కొన్నిసార్లు కూల్చేస్తుంది కూడా.

ఇది కోత లెక్కల్లో తేలని ఇబ్బంది. పరమాణువులు లేచిన చోటే పడితే మంచిదని ఇంతకుముందు చెప్పుకున్నాం. కానీ తిరిగి పడ్డ పదార్థం పాత లోహంలా ఉండదు. బోలుగా, పెళుసుగా, కింది పొరను గట్టిగా పట్టుకోకుండా పేరుకుంటుంది. వేడెక్కి చల్లబడే ప్రతిసారీ కొంత ఊడుతుంది. నికర కోత సున్నా అని లెక్క తేలినా పెచ్చుల బెడద అలాగే ఉంటుంది. ఏడాది పొడవునా నడిచే విద్యుత్ కేంద్రంలో ఇలా లేచి పడే పదార్థం టన్నుల స్థాయిలో ఉండవచ్చని అంచనాలు ఉన్నాయి. ఈటర్‌లో దుమ్ముకు పెట్టుకున్న హద్దు ఒక టన్ను. వేడి దుమ్ము మీద నీటి ఆవిరి పడితే హైడ్రోజన్ పుట్టి పేలే ప్రమాదం కూడా ఉంది. ద్రవ లిథియం, ద్రవ తగరం లాంటివాటితో గోడకు పూత పెడితే అరిగినా మళ్లీ నిండుతుంది కదా అనే ఆలోచనలు ఇక్కడి నుంచే వచ్చాయి. లిథియం మాత్రం హైడ్రోజన్‌ను ఆబగా మింగుతుంది, అంటే ట్రిటియం లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఈటర్ తన పై గోడకు బెరీలియాన్ని అనుకుంది. 2023లో ఆ ఆలోచన మార్చుకుని అక్కడ కూడా టంగ్‌స్టన్‌కే మొగ్గింది. 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళికలో ఇది పెద్ద మార్పు. కారణాలు బలమైనవే. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు విషం, దానితో పనిచేసే ప్రతి మనిషికీ ప్రత్యేక రక్షణ కావాలి. అది 1287 డిగ్రీలకే కరుగుతుంది, త్వరగా అరుగుతుంది, అరిగినది వెళ్లి ట్రిటియంతో కలిసి డైవర్టర్ మూలల్లో పేరుకుంటుంది. రేపటి విద్యుత్ కేంద్రాల్లో ఎలాగూ బెరీలియం గోడ ఉండదు కాబట్టి, ఇప్పుడే టంగ్‌స్టన్‌తో నేర్చుకోవడం మంచిదన్నది ఇంకో వాదన. ఆ వాదనలో పస ఉంది.

కానీ బెరీలియం ఒక మేలు చేసేది. గదిలో మిగిలిన ఆక్సిజన్‌ను అది పట్టేసుకునేది. టంగ్‌స్టన్ ఆ పని చేయదు. ఆక్సిజన్ మిగిలితే అది ప్లాస్మాను చల్లార్చడమే కాక, బరువైన అయాన్‌గా టంగ్‌స్టన్‌ను చెక్కుతుంది కూడా. అందుకని కొత్త ప్రణాళికలో బోరాన్ పూత చేర్చారు. డైబోరేన్ అనే వాయువును గదిలోకి వదిలి, చిన్న విద్యుత్ ఉత్సర్గంతో దాన్ని విడగొట్టి, గోడంతటికీ నానోమీటర్ల మందంలో బోరాన్ పూస్తారు. ఇది ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్, వెస్ట్ లాంటి యంత్రాల్లో మామూలు పనే. కొన్నాళ్లకు పూత అరుగుతుంది, మళ్లీ వేస్తారు. అరిగిన బోరాన్ తేలికైన పదార్థం, హైడ్రోజన్‌ను తనతో కలుపుకుని చల్లని మూలల్లో పొరగా పేరుకునే గుణం దానికీ ఉంది. ఎన్ని వారాలకు ఒకసారి పూస్తే సరిపోతుంది, ఆ పొరల్లో ఎంత ట్రిటియం చిక్కుకుంటుంది, డైవర్టర్‌ను 350 డిగ్రీలకు, పై గోడను 240 డిగ్రీలకు వేడి చేస్తే అందులో ఎంత బయటికి వస్తుంది అన్న లెక్కలు ఇప్పుడు ఈటర్‌లో నడుస్తున్నాయి. ప్రణాళిక ప్రకారం పరిశోధన పల్స్‌లు మొదలయ్యేది 2034లో, డ్యుటీరియం-ట్రిటియం ఇంధనం వేసేది 2039లో. పూత ఎంత మందం ఉండాలో ఈ మధ్యలోనే తేల్చుకోవాలి.